హటియాకు వెళ్లిన రైలు: ప్రాంతాల మధ్య ఆర్థిక అంతరాలు ఎలా ఏర్పడతాయి?

2020 మే 1 తెల్లవారుజామున హైదరాబాద్ శివారులోని లింగంపల్లి స్టేషన్ నుంచి ఒక ప్రత్యేక రైలు బయలుదేరింది. లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన సుమారు 1,200 మంది వలస కూలీలను సొంత రాష్ట్రానికి చేర్చేందుకు నడిచిన ఆ రైలు, దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు. అది చేరవలసిన గమ్యం ఝార్ఖండ్ రాజధాని రాంచీ పక్కనున్న హటియా. తమ ఊళ్లలో పని దొరకక తెలంగాణకు వచ్చి భవన నిర్మాణంలో చేరిన వారిని ఆ రాత్రి అక్కడ దింపింది.

హటియా అనామకమైన ఊరేమీ కాదు. స్వతంత్ర భారతం తన ఉక్కు కర్మాగారాలకు కావలసిన భారీ యంత్రాలను తానే తయారు చేసుకోవాలన్న సంకల్పంతో 1958లో ఏర్పాటు చేసిన హెవీ ఇంజినీరింగ్ కార్పొరేషన్ ఉన్నది అక్కడే. పరిశ్రమలకు తల్లి వంటి పరిశ్రమగా ఆనాడు దాన్ని కీర్తించారు. చుట్టుపక్కల జిల్లాల్లో బొగ్గు, ఇనుము, రాగి, యురేనియం నిల్వలున్నాయి. జంషెడ్‌పూర్‌లో 1912 నుంచే ఉక్కు తయారవుతోంది. నేల అడుగున ఇంత సంపద, నేల మీద ఇన్ని కర్మాగారాలు ఉన్న ప్రాంతం నుంచి వేల మంది దక్షిణాదికి కూలికి రావలసిన పరిస్థితి ఎందుకు వచ్చింది? ఒకే రాజ్యాంగం, ఒకే రూపాయి, ఒకే రైల్వే ఉన్న దేశంలో కొన్ని ప్రాంతాలు ముందుకు సాగిపోగా మరికొన్ని వెనుకబడటానికి కారణాలు వెదకడానికి హటియా మంచి ప్రారంభస్థానం.

వలస ఎప్పుడూ ఈ దిశలోనే సాగలేదన్నది మొదట గుర్తుంచుకోవాలి. కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డునున్న టీటాగఢ్‌లో, రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. వంద, నూట ఇరవై ఏళ్ల కిందట గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పేదలు కొందరు ఓడలెక్కి రంగూన్‌కు, మరికొందరు రైలెక్కి బెంగాల్ జూట్ మిల్లులకు వెళ్లారు. వారి సంతతి సంఖ్య తక్కువేమీ కాదు కాబట్టే 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. నాడు కలకత్తా అంటే తెలుగువారికి బతుకుదెరువు. నేడు తెలంగాణ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు బిహారీలు. హైదరాబాద్‌లో నగలు చేసే పనివారిలో చాలామంది బెంగాలీలు. మూడు తరాల్లోనే దిశ మారిపోయింది.

ఈ మార్పును అంకెలు కూడా ధ్రువీకరిస్తున్నాయి. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి 2024 సెప్టెంబరులో విడుదల చేసిన ఒక అధ్యయన పత్రం 1960–61 నుంచి 2023–24 వరకు రాష్ట్రాల స్థితిగతులను పోల్చి చూపింది. 1960–61లో దేశ స్థూల ఉత్పత్తిలో పశ్చిమ బెంగాల్ వాటా 10.5 శాతం, 2023–24 నాటికి అది 5.6 శాతానికి తగ్గింది. అప్పట్లో బెంగాల్‌లో తలసరి ఆదాయం జాతీయ సగటు కంటే 27.5 శాతం ఎక్కువ. ఇప్పుడు సగటులో 83.7 శాతం మాత్రమే. బిహార్ తలసరి ఆదాయం నాడు జాతీయ సగటులో సుమారు 70 శాతం ఉండగా, నేడు మూడో వంతు దగ్గర నిలిచింది. 2000లో ఝార్ఖండ్ విడిపోయినప్పుడు గనులు, కర్మాగారాలు అటు పోయాయన్నది నిజమే. కానీ ఆ గనులు దక్కిన ఝార్ఖండ్ తలసరి ఆదాయం కూడా జాతీయ సగటులో సగానికి కొంచెం పైన మాత్రమే ఉంది. మరోవైపు, అయిదు దక్షిణాది రాష్ట్రాలు కలిసి దేశ ఉత్పత్తిలో సుమారు 30 శాతం అందిస్తున్నాయి. 1991కి ముందు ఈ రాష్ట్రాల పనితీరు అంత గొప్పగా లేదన్నది అదే పత్రంలోని మరో ముఖ్యమైన పరిశీలన.

కిరాయి లెక్క మార్చిన పటం

ఖనిజాలున్న చోట పరిశ్రమ పెడితే సరుకు రవాణా ఖర్చు కలిసి వస్తుంది. తూర్పు భారతానికి ప్రకృతి ఇచ్చిన ఏకైక పెద్ద ఆధిక్యం ఇదే. 1950లలో మొదలైన రవాణా ఖర్చు సమానీకరణ విధానం ఆ ఆధిక్యాన్నే తొలగించింది. ఉక్కు ధరలో దేశవ్యాప్త సగటు రవాణా ఖర్చును కలిపి, దేశంలో ఏ రైల్వే స్టేషన్‌లో తీసుకున్నా అదే ధరకు ఇచ్చారు. దూరప్రాంతాలకు అయ్యే అసలు కిరాయిని ఆ ఉమ్మడి నిధి నుంచి చెల్లించారు. అంటే జంషెడ్‌పూర్ గేటు ముందు వర్క్‌షాప్ నడిపేవాడు లూధియానా వ్యాపారి కిరాయిలో కొంత భాగం తాను కట్టినట్టే. సిమెంటు విషయంలోనూ ఇటువంటి ఏర్పాటే కొంతకాలం సాగింది.

ఈ విధానం వెనుక దురుద్దేశం లేదు. దేశమంతటా పరిశ్రమలు విస్తరించాలన్నదే నాటి ప్రణాళికా కర్తల ఆశయం. కానీ లూధియానా, పుణె, కోయంబత్తూరు వంటి పట్టణాలకు తూర్పు ఉక్కు సమాన ధరకు అందినప్పుడు, పశ్చిమ భారత పత్తి మాత్రం తూర్పు మిల్లులకు సమాన ధరకు అందలేదు. పశ్చిమ బెంగాల్, బిహార్ నాయకులు దశాబ్దాల పాటు చేసిన ఫిర్యాదు సారాంశం ఇదే. అందులో న్యాయం ఉంది. రవుర్కెలా, దుర్గాపూర్, బొకారోలలో ప్రభుత్వ ఉక్కు కర్మాగారాలు వెలిసినా, ఆ ఉక్కుతో బోల్టులు, మోటార్లు, సైకిళ్లు, పంపుసెట్లు చేసే చిన్న పరిశ్రమలు వేరే చోట పుట్టాయి. కొలిమి ఒక చోట, కొలువు మరో చోట అయింది.

1990ల ఆరంభంలో ఆ విధానాన్ని రద్దు చేశారు. దాని ప్రభావంపై తర్వాత జరిగిన ఆర్థిక పరిశోధనలో ఒక ఆసక్తికర అంశం తేలింది. సమానీకరణ ఉన్నన్నాళ్లూ ఉక్కు వాడే పరిశ్రమలు క్రమంగా తూర్పుకు దూరమయ్యాయి. రద్దయ్యాక దేశం మొత్తం మీద సగటున ఆ కదలిక వెనక్కి మళ్లింది. అయితే ఒకప్పుడు పరిశ్రమకు కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంతానికి మాత్రం ఆ లాభం పెద్దగా దక్కలేదు. అప్పటికి అక్కడి నిపుణులైన కార్మికులు, మూలధనం, వ్యాపార సంబంధాలు చెదిరిపోయాయి.

తూర్పు వెనుకబాటు అంతటికీ కిరాయే కారణమనడం కూడా సరికాదు. 1947 విభజనలో జనపనార పండే పొలాలు తూర్పు పాకిస్థాన్‌కు, దాన్ని నేసే మిల్లులు పశ్చిమ బెంగాల్‌కు వెళ్లాయి. లక్షలాది శరణార్థుల భారం ఒక్క రాష్ట్రంపై పడింది. పరిశ్రమల లైసెన్సుల కోసం ఢిల్లీ చుట్టూ తిరగవలసిన కాలం వచ్చింది. 1960ల చివర కార్మిక ఘర్షణలు, ఘెరావ్‌లు, 1970లలో విద్యుత్ కొరత తోడయ్యాయి. అనేక సంస్థలు తమ ప్రధాన కార్యాలయాలను కలకత్తా నుంచి తరలించుకున్నాయి. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా కౌలు రైతుల హక్కులను నమోదు చేసి గ్రామీణ బెంగాల్‌కు మేలు చేసింది; ఆ మేలును కాదనలేము. కానీ పట్టణ పరిశ్రమ తిరిగి లేవలేదు. సింగూరులో భూసేకరణ వివాదం తర్వాత 2008లో టాటా నానో కారు కర్మాగారం గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిపోవడం ఈ సుదీర్ఘ కథలో ఒక చివరి అధ్యాయం మాత్రమే.

శిస్తు, నీరు, మిగులు

మరింత వెనక్కి వెళితే భూమి శిస్తు దగ్గరకు చేరతాం. 1793లో కారన్‌వాలీస్ ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు విధానం బెంగాల్, బిహార్‌లను జమీందార్ల చేతిలో పెట్టింది. శిస్తు శాశ్వతంగా నిర్ణయమయ్యాక, పంట పెరిగినా సర్కారుకు అదనంగా వచ్చేది ఏమీ లేదు. కనుక కాలువలు తవ్వించాలన్న ఆసక్తీ తక్కువే. రైతువారీ పద్ధతి అమలైన చోట పరిస్థితి వేరు. అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో ప్రచురించిన పరిశోధన, ఒకప్పుడు జమీందారీ కింద ఉన్న జిల్లాలు స్వాతంత్ర్యం వచ్చిన దశాబ్దాల తర్వాత కూడా సాగు పెట్టుబడిలో, దిగుబడిలో, పాఠశాలల్లో, వైద్యంలో వెనుకబడే ఉన్నాయని చూపింది. జమీందారీలు రద్దయ్యాయి గానీ వాటి నీడ వెంటనే తొలగిపోలేదు.

తెలుగు నేలపై దీనికి మరో కోణం కనిపిస్తుంది. నందన కరవు కాలంలో, అంటే 1832–33లో, కోస్తా జిల్లాలు ఆకలితో అల్లాడాయి. గోదావరి పక్కనే పారుతున్నా పొలానికి నీరు లేదు. 1847లో ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. వెంటనే విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పని ఆరంభమైంది. కరవు నేలలు రెండు తరాల్లో ధాన్యాగారాలయ్యాయి. ఈ కథ అందరికీ తెలిసినదే. అంతగా గుర్తింపు పొందనిది దాని రెండో భాగం. వరి మిగులు రైస్ మిల్లుగా, మిల్లు మిగులు సినిమా పెట్టుబడిగా, హోటలుగా, ప్రైవేటు కళాశాలగా, మందుల కంపెనీగా మారింది. నీరు ఇచ్చింది వడ్లను మాత్రమే కాదు, వడ్ల నుంచి మరో వ్యాపారానికి వెళ్లగల స్తోమతను.

అదే మద్రాసు రాష్ట్రంలో, అదే రైతువారీ పద్ధతిలో ఉన్న రాయలసీమకు ఆ అదృష్టం పట్టలేదు. థామస్ మన్రో కలెక్టరుగా రైతువారీని తీర్చిదిద్దింది దత్త మండలాల్లోనే. అయినా ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురానికి శిస్తు పద్ధతి నీటిని తెచ్చిపెట్టలేదు. 1876లో వచ్చిన ధాత కరవు ఆ సీమను తుడిచిపెట్టింది. తుంగభద్ర నీటి కోసం ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువ ఆశించిన రాబడి ఇవ్వక చివరకు ప్రభుత్వం చేతికి వచ్చింది. కోస్తాతో కలిసి ఒకే రాష్ట్రంగా ఏర్పడితే తమకు మళ్లీ అన్యాయం జరుగుతుందన్న భయంతోనే రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక రాయించుకున్నారు. తెలంగాణ విషయంలో 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం కూడా ఇటువంటి భయం నుంచే పుట్టింది. ఒకే భాష మాట్లాడే ప్రజల మధ్య కూడా నీరు, ఉద్యోగం, చదువు అనే మూడు లెక్కలు సరిపోకపోతే ఏమవుతుందో ఆ తర్వాతి అరవై ఏళ్ల చరిత్ర చెబుతుంది.

మొదటి కర్మాగారం నుంచి రెండోది

హటియాకు, హైదరాబాద్‌కు మధ్య తేడా ఎక్కడుంది? రెండు చోట్లా ప్రభుత్వ రంగ సంస్థలు వెలిశాయి. నిజాం కాలం నాటి నగరానికి స్వాతంత్ర్యం తర్వాత బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, ఈసీఐఎల్ వంటి సంస్థలు, రక్షణ పరిశోధనాలయాలు వచ్చాయి. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్‌ను స్థాపించారు. ఆయన గుంటూరు జిల్లా తాడేపల్లికి చెందిన పసుపు రైతు కుమారుడు. ప్రభుత్వ సంస్థలో నేర్చుకున్న రసాయన విద్య, డెల్టా నుంచి వచ్చిన సాహసం, పేటెంట్ చట్టం ఇచ్చిన వెసులుబాటు ఒకచోట కలవడంతో నగరం మందుల తయారీకి కేంద్రమైంది. పాత కంపెనీలో పనిచేసినవారు కొత్త కంపెనీలు పెట్టారు. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైనప్పుడు, ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల నుంచి వస్తున్న యువతకు కొలువు సిద్ధంగా ఉంది.

ఝార్ఖండ్ ఉక్కు పట్టణాల్లో ఈ రెండో అడుగు పడలేదు. కర్మాగారం, దాని కాలనీ, కాలనీలో మంచి బడి, మంచి ఆసుపత్రి. గోడ దాటితే ఆదివాసీ గ్రామం. ఒక కర్మాగారం ఎంత పెద్దదన్నది కాదు, దాని గోడ బయట ఎన్ని వర్క్‌షాపులు పుట్టాయన్నదే ప్రాంతం భవిష్యత్తును తేల్చింది. ఈ గీటురాయిని తెలుగు రాష్ట్రాలకు కూడా పెట్టి చూడాలి. 2018 జనవరిలో కేంద్రం ఎంపిక చేసిన 112 ఆకాంక్షిత జిల్లాల్లో తెలంగాణ నుంచి ఉన్నవి మూడు: ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. ఈ మూడూ సింగరేణి బొగ్గు తవ్వుతున్న జిల్లాలు. 1889లో మొదలైన బొగ్గు తవ్వకం ఎందరికో ఉద్యోగాలిచ్చింది, హైదరాబాద్‌కు వెలుగునిచ్చింది. గని దాటిన ఊరికి అంత ఇవ్వలేదు.

చదువు సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం కేరళలో అక్షరాస్యత 94 శాతం, బిహార్‌లో 61.8 శాతం. తమిళనాడులో జనాభాలో 48 శాతం పట్టణాల్లో ఉంటే, బిహార్‌లో 11 శాతమే. పట్టణం లేని చోట పనితనం నేర్పేవాడు దొరకడు, నేర్చినవాడు నిలవడు. ఆ ఊళ్లలో పోగైన పొదుపు కూడా నిలవలేదు: బిహార్‌లో బ్యాంకులు సేకరించిన డిపాజిట్లలో చాలాకాలం సగం కూడా ఆ రాష్ట్రంలో అప్పుగా ఇవ్వలేదు. తీర రాష్ట్రాలకు ఓడరేవులున్నాయి, బిహార్‌కు లేవన్న వాదన తరచుగా వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. కానీ తీరం లేని హర్యానా, తెలంగాణల తలసరి ఆదాయం జాతీయ సగటు కంటే చాలా ఎక్కువ. తీరమున్న బెంగాల్ వెనుకబడింది. సారవంతమైన నేల కూడా భరోసా కాదు. హరిత విప్లవంతో దేశానికి అన్నం పెట్టిన పంజాబ్ 1970లలో అందుకున్న ఎత్తు నుంచి దిగివచ్చి, 2023–24లో జాతీయ సగటుకు కొద్దిగా పైన ఉంది. గోధుమ, వరి దాటి మరో మెట్టు ఎక్కలేకపోవడమే దానికి ప్రధాన కారణంగా కనిపిస్తోంది.

పంచుకోవడంలో పేచీ

అంతరాలను తగ్గించడానికి రాజ్యాంగం ఏర్పరచిన ప్రధాన మార్గం ఆర్థిక సంఘం. 2021–26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం పంపిణీ చేయదగిన కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు కేటాయించింది. ఆ మొత్తాన్ని పంచే సూత్రంలో 45 శాతం ప్రాధాన్యం ఆదాయ అంతరానికే. అంటే పేద రాష్ట్రానికి ఎక్కువ. ఫలితంగా రాష్ట్రాల మొత్తంలో ప్రతి వంద రూపాయల్లో ఉత్తరప్రదేశ్‌కు దాదాపు 18, బిహార్‌కు 10, ఆంధ్రప్రదేశ్‌కు 4, తెలంగాణకు 2 రూపాయలు దక్కాయి. జనాభా నియంత్రణ పాటించి, పన్నులు ఎక్కువగా కట్టి, తక్కువ తీసుకుంటున్నామన్నది దక్షిణాది అభ్యంతరం. ఖనిజాలు, కార్మికులు తామిచ్చి, దశాబ్దాల పాటు చౌక ఉక్కును అందరికీ పంచి, ఇప్పుడు భిక్షకులమనిపించుకోవాలా అన్నది తూర్పు ప్రశ్న. రెండు వాదనల్లోనూ పస ఉంది. ఒకటి ఈనాటి చిట్టా చూపుతోంది, మరొకటి పాత ఖాతా తెరుస్తోంది.

పాత ఖాతాలో ఒక పద్దు ఇటీవల కొంత మారింది. గనులపై వసూలు చేసే రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను విధించే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2024 జులై 25న మెజారిటీ తీర్పు ఇచ్చింది. 2005 ఏప్రిల్ 1 నుంచి బకాయిలు వసూలు చేసుకోవచ్చని ఆ తర్వాత స్పష్టం చేసింది. ఝార్ఖండ్, ఒడిశాలకు ఇది చిన్న విషయం కాదు.

ఒడిశా ఇప్పటికే కొంత దూరం నడిచింది. 2000–01లో జాతీయ సగటులో 54 శాతం దగ్గరున్న ఆ రాష్ట్ర తలసరి ఆదాయం 2023–24 నాటికి 88 శాతం దాటింది. ఇనుము, అల్యూమినియం పరిశ్రమలు, ఓడరేవులు ఇందుకు తోడ్పడ్డాయి. లెక్కల్లో కనిపించని మరో కారణం తుపాన్లను ఎదుర్కొనే సన్నద్ధత. 1999 పెను తుపానులో సుమారు పది వేల మంది చనిపోయిన తీరంలో, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు మృతుల సంఖ్య పదుల్లోనే నిలిచింది. ప్రతి తుపానుకూ మళ్లీ మొదటికి రావలసిన అవసరం తప్పిన కుటుంబం పొదుపు చేయగలుగుతుంది.

అనంతపురం సీమలోనూ కదలిక ఉంది. పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైంది. బెంగళూరు విమానాశ్రయం దగ్గర, చెన్నై రేవుకు దారి ఉంది, హంద్రీ–నీవా ద్వారా కృష్ణా జలాలు వచ్చాయి. అక్కడి ఐటీఐ విద్యార్థులకు ఇప్పుడు ఊరికి దగ్గరలో కొలువుంది. విడిభాగాల పరిశ్రమలు కొన్ని వెంట వచ్చాయి. వాటిలో స్థానికులు యజమానులుగా ఎందరు ఎదుగుతారన్నది ఇంకా తేలవలసిన లెక్క.

రాష్ట్ర పునర్విభజన చట్టం వెనుకబడినవిగా గుర్తించిన ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో రాయలసీమ నాలుగింటితో పాటు ఉత్తరాంధ్ర మూడు జిల్లాలూ ఉన్నాయి. ఆ మూడింటిలో ఒకటి విశాఖపట్నం. ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం, ప్రజల ఉద్యమం సాధించిన ఉక్కు కర్మాగారం అన్నీ ఉన్న జిల్లా అది. అక్కడికి గంటల దూరంలోని శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టేవారికి మాత్రం సరైన జెట్టీలు, శీతల గిడ్డంగులు లేక, ఏటా వేల మంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్లలో కూలికి పనిచేస్తున్నారు. 2018 నవంబరులో వారిలో కొందరు పొరపాటున సరిహద్దు జలాలు దాటి పాకిస్థాన్ కరాచీ జైలులో ఏడాదికి పైగా మగ్గారు; 2020 జనవరిలో విడుదలై ఇంటికి చేరారు.

అదే తీరంలో మూలపేట వద్ద కొత్త ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగి పనులు చేపట్టారు. తాతలు కలకత్తా రైలు, రంగూన్ ఓడ ఎక్కిన ఆ ఊళ్లలో, మనవలు వెరావల్ వెళ్లే రైలు కోసం సామాన్లు సర్దుకునేది ఆగస్టు నెల వచ్చాకే.